ముత్తుస్వామి అయ్యర్‌కు దక్కిన పదవి, దక్కని పదవి

తంజావూరు ప్రాంతంలో నెలకు ఒక రూపాయి జీతానికి పనిచేసిన పేద పిల్లవాడు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. సర్ టి. ముత్తుస్వామి అయ్యర్ గురించి చెప్పేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టి, వీధి దీపం కింద చదువు దగ్గర ఆపేస్తారు. కథ గొప్పదే. ఆ పిల్లవాడి తెలివిని గుర్తించి చదివించిన తహసీల్దారును కూడా తలచుకోవాల్సిందే. అయితే ఇంతే చెబితే, ప్రతిభ ఉన్నవాడికి బ్రిటిష్ పాలన అడ్డు చెప్పలేదన్న భ్రమ మిగులుతుంది. అడ్డు ఉంది, అదీ చట్టంలోనే.

1861 హైకోర్టుల చట్టం ప్రకారం న్యాయమూర్తుల్లో కనీసం మూడో వంతు బారిస్టర్లు, మరో మూడో వంతు సివిల్ సర్వీసు (అప్పట్లో దాదాపు అంతా ఆంగ్లేయులే ఉన్న ఉన్నతోద్యోగ వర్గం) వాళ్లు ఉండాలి. ప్రధాన న్యాయమూర్తి బారిస్టరే కావాలి. ఆ రోజుల్లో ఇంగ్లండు వెళ్లి బారిస్టర్ కాగలిగిన భారతీయులు ఎందరు? మున్సిఫ్‌గా, డిప్యూటీ కలెక్టర్‌గా, సబార్డినేట్ జడ్జిగా, మేజిస్ట్రేటుగా మెట్టు మెట్టుగా ఎదిగిన అయ్యర్‌కు మిగిలింది ఈ రెండూ పోగా ఉన్న చివరి మూడో వంతు వాటా మాత్రమే.

1878లో ఆయనకు ఆ స్థానం ఇవ్వడాన్నే ఇక్కడి ఇంగ్లీషువాళ్లు నడిపే ఆంగ్లో ఇండియన్ పత్రికలు సహించలేకపోయాయి. వాటికి జవాబు చెప్పడానికి మన చేతిలో పత్రిక లేదే అన్న బాధతో ఆరుగురు యువకులు అదే ఏడాది సెప్టెంబరులో ‘ది హిందూ’ ప్రారంభించారు. ఆ నియామకం వల్ల జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. కోర్టులో ఒక కుర్చీ దక్కింది, బయట ఒక గొంతు పుట్టింది.

కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లు కూడా వెళ్లిన కోర్టు అది. అక్కడ అప్పటికే దాదాపు పదిహేనేళ్లు తీర్పులు చెప్పిన వ్యక్తికి 1893లో ప్రధాన న్యాయమూర్తి బాధ్యతలు అప్పగించారు, అదీ తాత్కాలికంగానే. పని చేయించుకోవడానికి ఆయన సమర్థుడే. పదవి శాశ్వతంగా ఇవ్వాల్సి వస్తే మాత్రం బారిస్టర్ నిబంధన ఉండనే ఉంది. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆయన 1895 జనవరిలో మరణించారు. ఆ కోర్టుకు పూర్తి స్థాయి భారతీయ ప్రధాన న్యాయమూర్తి వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. 1948లో ఆ పదవి చేపట్టింది మన తెలుగువారు పి.వి. రాజమన్నార్.