ఎనిమిది మంది ఆడవాళ్లు, ఒక జపాన్ పల్లె... అసలు ప్రయాణం అదే

జపాన్‌కి జనం ఎగబడుతున్నారు. 2024లో ఆ దేశానికి వెళ్లిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షల మంది, అందులో మన దేశం వాళ్లే 2 లక్షల 30 వేలు దాటారు. హైదరాబాద్‌లో ఏ ట్రావెల్స్ ఆఫీసు గోడ మీద చూసినా చెర్రీ పూల ఫొటో ఉంటోంది. ప్యాకేజీలో ఏముంటుందో తెలిసిందే. నలభై మందితో ఒక బస్సు, పొద్దున అసకుసా గుడి, మధ్యాహ్నం మబ్బులు కరుణిస్తే ఫుజీ కొండ, బుల్లెట్ ట్రైన్‌లో కాసేపు, నారాలో జింకలకి బిస్కెట్లు, రాత్రికి ఇండియన్ డిన్నర్. వారం తిరిగి వచ్చినవాళ్లని అక్కడ పరిచయమైన ఒక్క మనిషి పేరు చెప్పమనండి. గైడ్ పేరు తప్ప ఇంకోటి నోటికి రాదు.

దీనికి పూర్తి భిన్నంగా ఇంకో రకం టూర్లు నడుస్తున్నాయి. ఆరుగురో ఎనిమిది మందో ఆడవాళ్లు మాత్రమే కలిసి వెళ్తారు, అక్కడి ఊళ్లలో ఆడవాళ్ల దగ్గరే ఉంటారు, వాళ్లతో వండుతారు, నేస్తారు, కూర్చుని మాట్లాడతారు. డబ్బున్నవాళ్ల కాలక్షేపం అని దీన్ని చాలామంది తీసిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను. జపాన్‌ని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు, ఎందుకంటే తెలుసుకోవాల్సిన జపాన్‌లో సగానికి సగం అరవై, డెబ్బై దాటిన ఆడవాళ్ల చేతుల్లో ఉంది, ఆ చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి.

ఉమెబోషి అనే ఊరగాయ సంగతే తీసుకోండి. ఉమె అంటే ప్లమ్ జాతికి చెందిన పుల్లటి కాయ. అది జూన్‌లో, సరిగ్గా వానలు మొదలయ్యేటప్పుడు పక్వానికొస్తుంది. జపనీయులు వానాకాలం అనే మాటనే "ఉమె వాన" అని రెండు అక్షరాలతో రాస్తారంటే ఆ కాయకి వాళ్ల బతుకులో ఎంత చోటుందో చూడండి. పాత పద్ధతిలో కిలో కాయకి 180 గ్రాముల దాకా ఉప్పు వేసి బరువు పెట్టి ఊరబెడతారు, ఎర్రటి షిసో ఆకు కలుపుతారు, వానలు వెనక్కి తగ్గాక జూలై చివరి ఎండల్లో మూడు రోజులు వెదురు చేటల్లో ఆరబెడతారు. నూనె చుక్క ఉండదు, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టిన ఏ ఆడమనిషికైనా ఇది వినగానే వంద ప్రశ్నలొస్తాయి. ఉప్పు రాళ్లుప్పేనా? తడి తగిలితే బూజు పట్టదా? జాడీ నోరు దేనితో కడతారు? ఈ ప్రశ్నలకి జవాబు మ్యూజియంలో దొరకదు, నలభై మంది బస్సు దిగి పావుగంట ఆగే చోట అసలే దొరకదు. జాడీ పక్కన కూర్చోవాలి. నుకాదోకో అని ఇంకోటుంది, తవుడు, ఉప్పు కలిపిన ఊరబెట్టే పాత్ర, దాన్ని రోజూ చేత్తో కలపాలి, మానేస్తే చెడిపోతుంది. అత్తగారి చేతిలోంచి కోడలి చేతిలోకి వచ్చిన నుకాదోకోలు అక్కడ ఉన్నాయి. మనింట్లో పెరుగు తోడులా.

ఇక్కడ ఒక తాజా విషయం చెప్పాలి, నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. 2012లో హొక్కైదోలో ఒక కంపెనీ చేసిన క్యాబేజీ ఊరగాయ వల్ల ఎనిమిది మంది చనిపోయారు. దాంతో ఆహార భద్రత చట్టం బిగించారు. 2018లో సవరణ, 2021లో అమలు, పాతవాళ్లకి మూడేళ్ల గడువు. అది 2024 మే చివరితో అయిపోయింది. ఇప్పుడు ఊరగాయ అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఇంటి వంటగదికి వేరుగా ఇంకో గది, సింకులు, కుళాయిలు కావాలి. అకితాలో పొగబెట్టిన ముల్లంగితో ఇబురిగక్కో చేసి అమ్మే ముసలివాళ్లు చాలామంది ఈ వయసులో లక్షలు పోసి గది కట్టలేక మానుకున్నారు. మిచినోఎకి అని రోడ్డు పక్కన సర్కారు అంగళ్లు దేశమంతా 1200కి పైగా ఉన్నాయి, ఊరి ఆడవాళ్ల ఊరగాయలు అక్కడ చవగ్గా దొరికేవి, ఇప్పుడు ఆ బల్లలు చాలాచోట్ల బోసిపోయాయి. చట్టం తప్పని నేననను, ఎనిమిది ప్రాణాలు పోయాయి. కానీ ఫలితం ఏమిటంటే, ఎనభై ఏళ్ల మనిషి చేతి రుచి ఇక బజారుకి రాదు. ఆమె గుమ్మం దాటి లోపలికి వెళ్లి, ఆమెతో కలిసి చేసి, ఆమె పక్కన కూర్చుని తింటేనే దొరుకుతుంది. అందుకే ఇంటికి వెళ్లే ప్రయాణం ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది.

వెళ్లే దారి కూడా జపాన్ వాళ్లే చూపించారు. క్యూషూ దీవిలో ఒయితా రాష్ట్రం, అందులో అజిము అనే ఊరు. 1990ల మధ్యలో అక్కడి రైతు కుటుంబాలు పట్నం వాళ్లని తమ ఇళ్లలోనే పెట్టుకోవడం మొదలుపెట్టాయి. హోటల్ చట్టం అడ్డొచ్చింది, 2002లో ఒయితా ప్రభుత్వం నిబంధనలు సడలించింది, తర్వాత ఆ పద్ధతి దేశమంతా పాకింది. (ఒక ఊరు, ఒక ఉత్పత్తి అన్న ఆలోచన 1979లో మొదలైంది కూడా ఆ ఒయితాలోనే. మన దగ్గర ఇప్పుడు ఒక జిల్లా, ఒక ఉత్పత్తి అంటున్నది దాని వారసత్వమే.) ఇంటామెని అతిథులు ఒకాసాన్ అని పిలుస్తారు, అంటే అమ్మా అని. అజిము వాళ్లు ఒక మాట చెప్తారు: ఒక్కసారి వచ్చి ఉంటే దూరపు చుట్టం, పదిసార్లు వస్తే సొంత చుట్టం. చుట్టరికం అనే మాట విలువ తెలిసిన తెలుగువాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కానీ నలభై మంది ఒకేసారి చుట్టాలు కాలేరు, ఒక రైతు ఇంట్లో పట్టేదే కొద్దిమంది. బృందం చిన్నదిగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. తిండి విషయంలోనూ ఇదే తేడా. జపాన్ వంటలో చాలావాటికి ప్రాణం దాషి అనే చారు, మామూలుగా దాంట్లో ఎండు చేప పడుతుంది. పెద్ద టూర్లో శాకాహారి అయితే ఏడు రోజులూ టెన్షనే, చివరికి ఇండియన్ రెస్టారెంటే గతి. ఇంట్లో ముందే చెప్తే ఒకాసాన్ కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసి దాషి కాచిపెట్టగలదు.

మియె రాష్ట్రం తీరంలో తోబా, షిమా దగ్గర "అమ" అనే ఆడవాళ్లు ఉన్నారు. సముద్రం, స్త్రీ అనే రెండు అక్షరాలతో రాసి "అమ" అని చదువుతారు, వింటుంటే మన అమ్మే. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి నత్తగుల్లలు, అవాబి అనే పెద్ద గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్లు. పైకి తేలగానే వాళ్లు వదిలే ఊపిరి ఈలలా వినిపిస్తుంది, దానికి ఇసోబుయె అని పేరే ఉంది. 10.6 సెంటీమీటర్ల కంటే చిన్న అవాబి దొరికితే తిరిగి సముద్రంలోనే వదిలేయాలి. 1950ల్లో దేశం మొత్తం మీద అమ ఆడవాళ్లు 17 వేలకు పైనే, ఇవాళ రెండు వేలు కూడా లేరు, ఉన్నవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. మునగడానికి ముందూ తర్వాతా వాళ్లు అమగోయా అనే పాకలో నడిమధ్య నిప్పు రాజేసుకుని చలి కాచుకుంటారు, ఇంటి సంగతులన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. ఆ నిప్పు చుట్టూ ఎంతమంది పడతారో మీరే లెక్కేసుకోండి.

దీని పక్కన క్యోటోలోని గియోన్‌ని పెట్టి చూడండి. వీధిలో నడిచివెళ్లే మైకో అమ్మాయిల (గేషా కళలు నేర్చుకుంటున్నవాళ్లు) వెంటపడి, కిమోనో పట్టుకు లాగి ఫొటోలు తీసే జనాన్ని భరించలేక 2024లో అక్కడి ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రాకూడదని బోర్డులు పెట్టారు, వస్తే 10 వేల యెన్‌ల జరిమానా. ఒకచోట జపాన్ స్త్రీ కెమెరాకి చిక్కాల్సిన బొమ్మ. ఇంకోచోట ఇంటి యజమానురాలు, పనిలో గురువు, డబ్బు తన చేత్తో తీసుకునే మనిషి. ఈ తేడా చిన్నదని ఎవరైనా అంటే వాళ్లతో నాకు వాదన లేదు.

అభ్యంతరాలు నాకూ తెలుసు. ఖర్చెక్కువ, నిజమే, ఇంటర్‌ప్రెటర్ ఖర్చు నలభై మంది పంచుకున్నట్టు ఎనిమిది మంది పంచుకోలేరు. ఇదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకం అంటారు, కొన్నిచోట్ల అవుతుంది కూడా, అలాంటివి వదిలేయాలి. ఆడవాళ్లని విమానమెక్కించి మళ్లీ వంటింట్లోకే తోస్తారా అని మా స్నేహితురాలు ఒకామె గట్టిగా అడిగింది. నా జవాబు ఒక్కటే: మనింట్లో వంటిల్లు బాధ్యత, అక్కడ అది ఇంకో మనిషి బతుకులోకి తలుపు. మగవాళ్లు పక్కనుంటే ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. అత్తగారి గురించి, కీళ్ల నొప్పుల గురించి, పెళ్లి వద్దంటున్న కూతురి గురించి ఎవరూ ఏ భాషలోనూ పరాయి మగాళ్ల ముందు మాట్లాడరు. వేడినీటి ఊట స్నానాలు అక్కడ ఆడవాళ్లకి వేరుగానే ఉంటాయి, ఒక సాయంత్రం ఆ నీళ్లలో పక్కపక్కన కూర్చుంటే భాష రాకపోయినా బిడియం పోతుంది. మాట్లాడుకోవడానికి విషయాలకి కొదవా? జపాన్‌లో పెళ్లయిన జంటకి ఒకే ఇంటిపేరు ఉండాలన్నది చట్టం, దాదాపు 95 శాతం జంటల్లో మార్చుకునేది ఆడవాళ్లే. మనకి ఆ చట్టం లేదు, అయినా శుభలేఖ అచ్చయ్యేలోపే మన పిల్లల ఇంటిపేరు మారిపోతోంది. 2024 ప్రపంచ లింగ సమానత్వ సూచీలో 146 దేశాల్లో జపాన్ స్థానం 118, మనది 129. ఎవరూ ఎవరికీ పాఠం చెప్పే స్థితిలో లేరు, అందుకే మాట బాగా సాగుతుంది.

అసలు ఆడవాళ్ల ప్రయాణం అంటేనే అనుమానంగా చూడడం రెండు దేశాల్లోనూ పాత జబ్బు. తొకుగవా సైనిక పాలకుల కాలంలో ఎదో (ఇప్పటి టోక్యో) నగరానికి వెళ్లే దారుల్లో తనిఖీ కేంద్రాలుండేవి, కాపలావాళ్లు ముఖ్యంగా రెండింటి కోసం వెతికేవారు, లోపలికొచ్చే తుపాకులు, బయటికెళ్లే ఆడవాళ్లు. సామంతుల భార్యలు రాజధానిలో బందీల్లాంటివాళ్లు కదా, తప్పించుకుపోతారని భయం. మామూలు ఆడవాళ్లు కదలాలన్నా ప్రత్యేకమైన పత్రం కావాలి, జుట్టు విప్పి మరీ తనిఖీ చేసేవారు. ఫుజీ కొండ శిఖరానికి ఆడవాళ్లు ఎక్కకూడదన్న నిషేధం 1872 దాకా ఉంది. ఆ దేశంలోనే 1969లో జుంకో తాబెయ్ ఆడవాళ్ల పర్వతారోహణ క్లబ్బు పెట్టింది, విదేశీ యాత్రకి మనంతట మనమే వెళ్దాం అన్నది వాళ్ల నినాదం. డబ్బు కోసం తిరిగితే ఇంట్లో పిల్లల్ని పెంచుకోమన్నారు. పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది, 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ అయింది. 2014లో అదే శిఖరం మీద మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే నిలబడింది.

మరి మన ఊళ్లో? 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఉచిత బస్సు వచ్చింది. మొదటి వారం నుంచే వినపడిన మాట ఏమిటి? "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని. మగవాడు తిరిగితే లోకం చూశాడంటాం, ఆడది తిరిగితే పనేంటని అడుగుతాం. గుడికి అంటే సరే, పురుడికి అంటే మరీ సరే. ఇంకెవరికో సేవ చేయడానికైతే ఆడవాళ్లు ఎంత దూరమైనా వెళ్లొచ్చు, తమ కోసం తాము పక్క జిల్లాకి వెళ్లినా లెక్క చెప్పాలి.

మా అమ్మ మూడుసార్లు అమెరికా వెళ్లింది. రెండుసార్లు అక్క పురుళ్లకి, ఒకసారి వదిన పురుడికి. ఆర్నెల్ల చొప్పున ఉండి పథ్యం వంటలు చేసింది, పిల్లలకి నలుగు పెట్టి నీళ్లు పోసింది, ఒక పూట నయాగరా చూసింది. అక్కడి మనిషితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడింది లేదు. ఆ మధ్య ఈ వ్యాసం కోసం చదువుతూ ఉమెబోషి గురించి చెప్తే పప్పు రుబ్బుతున్నది ఆగిపోయి, "నూనె లేకుండా అన్నేళ్లు ఎలా నిలవుంటుందే? ఆవిణ్ణి అడగాలి" అంది. ఆవిడెవరో ఆమెకి తెలియదు, నాకూ తెలియదు. పాస్‌పోర్టు ఇంకా నాలుగేళ్లుంది. మా ఇంట్లో ఆవకాయ పని మే నెలాఖరుకి అయిపోతుంది, ఉమె కాయ దించేది జూన్‌లో.