"ఫ్రీ లాయర్‌ను నమ్ముకుంటే మునుగుతరు" అనే మెసేజ్‌కు నా జవాబు

మన దిక్కు గ్రూపులల్ల మళ్లా ఒక మెసేజ్ తిరుగుతున్నది, నల్లగొండ గ్రూపుల చూసిన, మహబూబ్‌నగర్ దోస్తులు కూడా అదే పంపిన్రు. దాంట్ల ఉన్నది ఇది: "సర్కారు ఇచ్చే ఫ్రీ లాయర్ క్రిమినల్ కేసులకే, అది కూడా తెల్ల కార్డు ఉంటేనే, ఆ లాయర్లు వాయిదాలకు రారు, లోక్ అదాలత్‌కు పోతే బలవంతంగ రాజీ చేపిస్తరు, అందుకే భూమి కేసో పంపకాల కేసో మీద పడితే అప్పు చేసైనా పేరున్న లాయర్‌ను పెట్టుకోండి." ఇండ్ల సగం మాట నిజం, మిగిలింది తప్పు, ఆ ఆఖరి సలహా అయితే ఇల్లు ముంచేది. ఒక్కొక్కటి చూద్దాం.

క్రిమినల్ కేసులకే అన్నది ముందు. ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం కింద నడుస్తది, అది అమల్లకు వచ్చింది 1995 నవంబర్ 9న. ఆ చట్టంల రాసింది ఏ కోర్టుల ఉన్న కేసైనా, ట్రిబ్యునల్ ముందున్నదైనా, తీర్పు చెప్పే అధికారం చట్టం ఇచ్చిన ఏ అధికారి దగ్గర నడిచేదైనా అని. అంటే పంపకం దావా, భరణం, కూలి బకాయి, ప్రాజెక్టుల కింద పోయిన భూమికి నష్టపరిహారం, అన్నీ వస్తయి. జైళ్ల ఉన్నోళ్లకు లాయర్ను ఇచ్చిన వార్తలే పేపర్లల్ల ఎక్కువ కనవడ్తయి కాబట్టి జనం అదొక్కటే అనుకుంటరు. పైగా సివిల్ కేసులకే దీని లాభం ఎక్కువ, ఎందుకంటే ఇచ్చేది ఉత్త లాయర్ను కాదు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, టైపింగ్, కాగితాల నకళ్లు కూడా వాళ్లే చూసుకుంటరు. పైసలు రావాలని దావా వేస్తే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతది, మస్తు మంది ఆగిపోయేది ఆడనే.

తెల్ల కార్డు ముచ్చట ఉత్త పుకారు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం లెక్కే లేదు. దేవరకొండ దిక్కు తండాల ఉండే లంబాడీ అక్క అయితే రెండు రకాలుగ హక్కుదారే, ఆమెను కార్డు చూపియ్యమనే పని ఎవ్వరికీ లేదు. వరద, కరువు, భూకంపం బాధితులు కూడా ఆ లిస్టుల ఉన్నరు, కరువు అంటే ఏందో పాలమూరోళ్లకు నేను చెప్పాల్నా. ఇగ మిగిలినోళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటది, దానికి కూడా అఫిడవిట్ ఇస్తే చాలని చట్టమే అంటది, అది నమ్మకుండ ఉండనీకి కారణం ఉంటే తప్ప.

లాయర్లు వాయిదాలకు రారు అన్నదాంట్ల నిజం ఉంది, దాచిపెట్టేదేం లేదు. ఫ్రీ కేసులు చూసే లిస్టుల ఉండే లాయర్, అంటే ప్యానెల్ లాయర్‌కు ముట్టే ఫీజు తక్కువ, కొందరు ఆ కేసును పక్కకు పడేస్తరు. కానీ పైసలు తీసుకున్న లాయర్ మాత్రం ప్రతి వాయిదాకు ఉరికొస్తడా? జూనియర్‌ను పంపి ఇంకో తారీకు తీసుకునుడు మనం చూడందా? తేడా ఏందంటే, ఈడ అడగనీకి ఒక తలుపు ఉన్నది. ఈ ఫ్రీ లాయర్ను ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చైర్మన్ జిల్లా జడ్జి, సెక్రటరీ కూడా జడ్జే. లాయర్ వస్తలేడు, మార్చండి అని తెల్ల కాగితం మీద రాసిస్తే దానికి లెక్క ఉంటది. ప్యానెల్‌ల చేరాలంటే కనీసం 3 ఏండ్ల ప్రాక్టీస్ ఉండాలె, కక్షిదారు దగ్గర ఒక్క రూపాయి తీసుకోవద్దు. "ఖర్చులకు ఇయ్యమ్మా" అని అడిగితే అది కంప్లయింటే, మొహమాటం పడొద్దు.

లోక్ అదాలత్ అంటే కేసులను రాజీతోని తెంపే వేదిక, దాంట్ల బలవంతపు రాజీ అనేది చట్టం ప్రకారం కుదరదు. రెండు పక్షాలు ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ తీర్పు, కుదరకపోతే కేసు ఎక్కడికెళ్లి వచ్చిందో ఆ కోర్టుకే వాపస్ పోతది, అంతకుముందు ఎక్కడ ఆగిందో ఆడికెళ్లే నడుస్తది. కుదిరితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తది. కానీ మెసేజ్ రాసినాయన చెప్పని అసలు సంగతి ఒకటున్నది: సంతకం పెట్టినంక దాని మీద అప్పీలు లేదు, అది డిక్రీతోని, అంటే కోర్టు ఇచ్చే తీర్పుతోని సమానం. అందుకే బెంచి ముందు కూసున్నప్పుడు "అయిపోయింది, పెట్టుర్రి సంతకం" అని ఎవరన్నా తొందర చేస్తే, రాసింది మొత్తం తెలుగుల చదివి వినిపియ్యమనాలె. ఎన్ని గుంటలు, హద్దులేంది, పైసలు ఎప్పటిలోపట, అన్నీ రాసున్నయా చూసుకోవాలె.

ఇప్పుడు ఆ అప్పు సలహా. 50 వేలు నూటికి 3 రూపాయల మిత్తికి తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18 వేలు మిత్తికే పోతది, పంపకాల దావా ఒక్క ఏడాదిల తెగిందని ఎవరన్నా విన్నరా? ఆఖరుకు ఏ భూమి కోసం కొట్లాడుతున్నరో దాంట్లకెళ్లే ఒక ముక్క అమ్ముతరు. ఇంకో నష్టం టైము. సమన్లు ముట్టినంక జవాబు దాఖలు చెయ్యనీకి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే మొత్తం 90 రోజుల దాకా. మనోళ్లు ఏం చేస్తరంటే ఆ కాగితం బీరువా మీద పెట్టి, పత్తి అమ్మినంక పైసలొస్తయి అప్పుడు లాయర్ను చూద్దాం అని ఆగుతరు, ఈలోపట ఎక్స్‌పార్టీ అయి, అంటే మనం లేకుండనే కేసు నడిచి కూసుంటది. ఫ్రీ లాయర్ కోసం దరఖాస్తు పెట్టనీకి పత్తి ఏరేదాకా ఆగే పని లేదు.

వలసపోయినోళ్లది ఇంకా అన్యాలం. కుటుంబమంతా బొంబాయికో పుణెకో పోయి ఇంటికి తాళం ఉంటే, సమన్లు తలుపుకు అంటిపెట్టి పోవచ్చు, కోర్టు దాన్ని ముట్టినట్టే లెక్కగట్టొచ్చు. వాన పడితే ఆ కాగితం ఉంటదా? డిక్రీ అయినంక పండుగకు వచ్చినప్పుడు తెలుస్తది. అప్పుడు కూడా అయిపోయినట్టు కాదు, సమన్లు సరిగ్గ ముట్టలేదని చూపియ్యగలిగితే డిక్రీ సంగతి తెలిసిన రోజుకెళ్లి 30 రోజులల్ల దాన్ని రద్దు చెయ్యమని అడగొచ్చు, దానికీ ఉచిత లాయర్నే ఇస్తరు.

ఈ పద్ధతిల లోపాల గురించి రాయాల్నంటే ఇట్ల రాయాలె: ఆఫీసు కోర్టు ఉన్న ఊర్లల్లనే ఉంటది, అమ్రాబాద్ అవతలి చెంచుల పెంటలకెళ్లి (గూడేలకెళ్లి) అచ్చంపేటకు వచ్చి పోతే ఒక రోజు కూలి పాయె, ఊర్ల న్యాయ సహాయం గురించి చెప్పే పారా లీగల్ వాలంటీర్ ఎవరో సగం ఊర్లకు తెల్వదు. నన్నడిగితే ప్రతి సమన్ల కాగితం వెనక తెలుగుల పెద్ద అక్షరాలతోని "లాయర్ లేకుంటే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యండి" అని అచ్చెయ్యాలె. కాగితం ఎట్లాగూ ఇంటిదాకా వస్తున్నది కదా. అది వదిలిపెట్టి అసలు సహాయమే దండగ అని ప్రచారం చేస్తే మిత్తికిచ్చేటోనికి తప్ప ఎవనికి లాభం?

ఇప్పటికే సమన్లు వచ్చి ఉంటే ఈ వారమే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకో, మీ దగ్గరి కోర్టుల ఉండే మండల న్యాయ సేవా కమిటీకో పోండి. ఆధార్, సమన్ల కాగితం, పాస్‌బుక్ జిరాక్సు, ఎస్సీ ఎస్టీ అయితే కులం సర్టిఫికెట్ పట్టుకపోండి, రాయరాకుంటే నోటితోని చెప్పినా ఆడ రాసుకుంటరు. దరఖాస్తు ఇచ్చినంక రసీదు తీసుకోకుండ బయటికి రావొద్దు.