తటస్థంగా ఉంటే యుద్ధం మన జోలికి రాదా?

మెహదీపట్నంలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరి వాదన ఇది. నేను సుజాత వైపే.

ఫణి: ఎవరి యుద్ధం వాళ్లు చేసుకుంటారు, మనకెందుకక్కా? స్విట్జర్లాండ్ రెండు ప్రపంచయుద్ధాలకూ దూరంగా ఉంది, హాయిగా ఉంది.

సుజాత: అందరికీ స్విట్జర్లాండే గుర్తొస్తుంది, బెల్జియం ఎవరికీ గుర్తురాదు. 1839లో పెద్ద దేశాలన్నీ కూర్చుని దాని తటస్థతకు హామీ సంతకాలు చేశాయి, తర్వాత జర్మనీకి మూలమైన ప్రష్యాతో సహా. 1914 ఆగస్టు 4న ఆ జర్మన్లే దాని మీదుగా నడిచారు, ఫ్రాన్స్‌కు అది దగ్గరి దారి కాబట్టి. 1936లో బెల్జియం మళ్లీ తటస్థం అంది, 1940 మే 10న జర్మన్లు మళ్లీ వచ్చారు. మొదటిసారి తప్పించుకున్నాం కదా, ఈసారీ గండం గడుస్తుందని హాలండ్ వాళ్లు నమ్మారు పాపం, వాళ్ల మీదా అదే రోజు పడ్డారు, నాలుగు రోజులకు రాటర్‌డామ్ కాలిపోయింది. వీళ్లు ఎవరి జోలికి వెళ్లారు చెప్పు? స్విట్జర్లాండ్ కూడా ఊరికే కూర్చోలేదు, లక్షల మందిని సైన్యంలోకి పిలిచి ఆల్ప్స్ కొండల్లో కోటలు కట్టుకుంది. పైగా ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దుకు వచ్చిన యూదుల్ని వేలమందిని వెనక్కి పంపేసింది. దాన్ని హాయి అంటావా?

ఫణి: మరి దిగినవాళ్లు బావుకున్నదేంటి? యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతో 1916లో గెలిచిన అమెరికా అధ్యక్షుడు విల్సన్, 1917 ఏప్రిల్‌లో దిగాడు. లక్షమందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు, ఇరవై ఏళ్లు తిరిగేసరికి మళ్లీ యుద్ధమే.

సుజాత: బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటేనియాను జర్మన్లు ముంచింది 1915 మేలో. 1,198 మంది పోయారు, అయినా విల్సన్ దాదాపు రెండేళ్లు ఓపిక పట్టాడు. చివరికి జర్మనీ కనిపించిన ప్రతి ఓడనూ ముంచుతామంది, అమెరికాలోని టెక్సాస్ ఇప్పిస్తామని మెక్సికోకు రహస్యంగా కబురు పెట్టింది.

ఫణి: ఆ లూసిటేనియాలో తూటాల పెట్టెలు కూడా ఉన్నాయక్కా. ఒక పక్షానికే సరుకు అమ్ముతూ, అప్పులిస్తూ మేం తటస్థులం అంటే ఎవరు నమ్ముతారు?

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది, సుజాత దగ్గర దీనికి సరైన జవాబు లేదు.)

సుజాత: అది నిజమే. కానీ ఆ యుద్ధంలో నిజాం గుర్రపు దళం, మన హైదరాబాద్ లాన్సర్లు కూడా వెళ్లి పోరాడారు, పాలస్తీనాలోని హైఫాలో...

ఫణి: హైఫాలో గుర్రాల మీద దూకింది జోధ్‌పూర్, మైసూరు వాళ్లు.

సుజాత: ఢిల్లీ తీన్‌మూర్తి యుద్ధ స్మారకంలో మనవాళ్ల విగ్రహం లేదా?

ఫణి: ఉంది, పాలస్తీనాలో మొత్తంగా పోరాడినందుకు. నిజాంకేమో బిరుదులొచ్చాయి, చచ్చిన వాళ్లకేం వచ్చింది? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనవాళ్లనెవర్నీ ఒక్క మాట అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. ఇదేనా నువ్వు మెచ్చుకునే నిర్ణయం?

సుజాత: దాన్ని నేనూ ఒప్పుకోను, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసింది అందుకే. కానీ 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు కింద ఉన్నది మనవాళ్లే కదా.

ఫణి: బ్రిటిష్‌వాడి రేవులు కాబట్టి వేశారు. మనం తటస్థ దేశమై ఉంటే వేసేవాళ్లా?

సుజాత: థాయ్‌లాండ్ తటస్థమే. మలయాకు, బర్మాకు దారి కావాలని 1941 డిసెంబరు 8న జపాన్ దాని మీదా పడింది, వాళ్లు కొన్ని గంటలు పోరాడి దారి వదిలారు, మరుసటి నెల జపాన్ పక్షాన యుద్ధమే ప్రకటించారు. మనల్ని అడగకపోవడం అన్యాయమే ఫణీ. అడిగి ఉంటే మాత్రం నేను దిగుదామనే అనేదాన్ని.