చావు కబురు చల్లగా

పింఛను తీసుకునే పెద్దవాళ్ళకు ఏటా నవంబరులో ఒక పరీక్ష ఉంటుంది. తాము బతికే ఉన్నామని ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. అధికారి ఎదుట నిలబడి ఊపిరి పీలుస్తున్నా చాలదు, కాగితం కావాలి. ఇదే దేశంలో ఒక చట్టపు సెక్షను మాత్రం చనిపోయాక కూడా ఏళ్ళ తరబడి ఠంచనుగా ఉద్యోగం చేసింది. దాన్ని ఎవరూ ఏ పత్రమూ అడగలేదు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలోని 66ఎ గారి సేవలకు తగిన గౌరవం దక్కలేదన్న బాధతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుట్టుకతోనే నిరాడంబరమైన సెక్షను అది. 2008 డిసెంబరులో దాన్ని తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే గట్టెక్కింది. ప్రజాప్రతినిధుల విలువైన సమయాన్ని ఒక్క నిమిషమైనా వృథా చేయని చట్టాలు ఎన్ని ఉంటాయి? బాగా అభ్యంతరకరమైన సమాచారం పంపినా, చిరాకు పెట్టాలని ఒక ఈమెయిలు పంపినా మూడేళ్ళ వరకు జైలు. ఎంత చిరాకు అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. ఎవరికి చిరాకు వేసిందో వాళ్ళ దగ్గరే తక్కెడ కూడా ఉండేది.

2012 నవంబరులో ముంబై బంద్ గురించి ఒక యువతి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది. మరో యువతి దాన్ని లైక్ చేసింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఏకలవ్యుడి తర్వాత బొటనవేలి మూలంగా అంత నష్టపోయింది ఆ రెండో అమ్మాయేనేమో.

దీని మీద ఒక న్యాయవిద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం 66ఎను పూర్తిగా కొట్టేసింది. ఒకరికి అభ్యంతరకరంగా తోచింది మరొకరికి తోచకపోవచ్చని, ఇంత వదులు మాటలతో మనుషులను జైలుకు పంపితే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి అర్థం లేదని తేల్చింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. మాబోటివాళ్ళం సంపాదకీయాలు చదివి ఛాతీ విరుచుకున్నాం. పౌరుడి హక్కును న్యాయస్థానం కాపాడింది. కథ అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. చావు కబురు చల్లగా చెప్పడం మన సంప్రదాయం. ఢిల్లీలో పోయిన సెక్షను గురించి ఠాణాలకు తెలియడానికి ఆత్రం ఎందుకు? నాలుగేళ్ళు గడిచాక, 2019 ఫిబ్రవరిలో, తన తీర్పు నకళ్ళను జిల్లా కోర్టులకూ, ప్రధాన కార్యదర్శుల ద్వారా డీజీపీలకూ పంపించమని సుప్రీంకోర్టే ఆదేశించాల్సి వచ్చింది. మరో రెండేళ్ళు పోయాక ఒక పౌరహక్కుల సంఘం మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 66ఎ కింద 745 కేసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయని లెక్క చూపింది. న్యాయమూర్తులు నివ్వెరపోయారు. పాపం, వాళ్ళు రాసిన తీర్పును వాళ్ళు మాత్రమే చదివారని వాళ్ళకు తెలియదు.

అప్పుడు ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ ఇచ్చిన వివరణ నాకు ఎంతో నచ్చింది. అచ్చయిన చట్టం పుస్తకంలో 66ఎ ఎప్పటిలాగే నిండుగా ఉంటుందట. కోర్టు కొట్టేసిందన్న ముక్క పేజీ అడుగున పాదసూచికలో ఉంటుందట. కేసు రాసే పోలీసు అధికారి సెక్షను చూస్తాడు తప్ప పాదసూచిక చూడడట. ఇందులో ఆ అధికారి తప్పు ఏమీ లేదని నా దృఢాభిప్రాయం. పాదసూచిక అనేది పరిశోధక విద్యార్థుల కోసం పుట్టింది. ఎదురుగా ఫిర్యాదుదారుడు చిరాకుతో ఊగిపోతూ ఉంటే, చీమతలకాయంత అక్షరాలను వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? తప్పంతా రాజ్యాంగ హక్కును పేజీ అడుగున అద్దెకు పెట్టినవాళ్ళది.

నిందితుడి పరిస్థితి ఊహించండి. "అయ్యా, ఈ సెక్షను పోయి చాలా కాలమైంది" అంటాడు. "ఆ సంగతి కోర్టులో చెప్పుకో" అంటారు. నిజానికి అది కోర్టు చెప్పిన సంగతే. దాన్ని మళ్ళీ కోర్టుకు చెప్పడానికి ఇతను వకీలును పెట్టుకోవాలి, బెయిలు తెచ్చుకోవాలి, వాయిదాలకు తిరగాలి. చివరికి కేసు కొట్టేస్తారు. గెలిచినట్టే. పోయిన రోజులకు ఏ పుస్తకంలోనూ పాదసూచిక ఉండదు.

ఓపిక లేనివాళ్ళకు పాత ముచ్చట ఒకటి గుర్తు చేయాలి. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్ళే హక్కు లేదని సుప్రీంకోర్టు నలుగురి బలంతో తీర్పు చెప్పింది. కాదన్న ఒకే ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి ఏడు ఆయనను దాటేసి ప్రధాన న్యాయమూర్తి పదవిని మరొకరికి ఇచ్చారు. ఆ తీర్పు తప్పని అదే కోర్టు 2017లో తేల్చింది. మధ్యలో నలభై ఒక్క ఏళ్ళే. దాని పక్కన పెడితే 66ఎ గారి ఏడేళ్ళ మరణానంతర సర్వీసు ఏపాటి?

ఏడేళ్ళని ఎందుకన్నానంటే, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మూడోసారి చెప్పింది. ఆ సెక్షను కింద ఎవరినీ విచారించకూడదనీ, ఎక్కడ దాన్ని అచ్చువేసినా అది చెల్లదని పాఠకుడికి సరిగ్గా తెలిసేలా చెప్పాలనీ ఆదేశించింది. ఒకే మరణాన్ని మూడుసార్లు ప్రకటించాల్సి రావడం జరాసంధుడికి కూడా దక్కని గౌరవం.

అందుకే నాదొక చిన్న సూచన. 66ఎ గారికి పద్ధతిగా వైకుంఠ సమారాధన చేద్దాం. వెళ్ళింది వైకుంఠానికో మరో చోటికో నేను చెప్పలేను. దేశంలోని ప్రతి ఠాణాకూ ఫొటో, పూలదండ, తేదీలతో ఆహ్వాన పత్రిక పంపుదాం. అచ్చువేసేవారికి ఒక్క మనవి. పోయిన తేదీ మాత్రం పత్రిక నడిమధ్యన, పెద్ద అక్షరాల్లో వేయండి. అడుగున వేస్తే, భోజనాలకు వచ్చినవాళ్ళు అక్కడే మరో కేసు రాసి వెళతారు.