అరవై దాటితే బార్ కి వెళ్ళకూడదా? ఆ ఫార్వర్డ్ కి నా జవాబు

ఈ మధ్య కాలనీ గ్రూపుల్లో, వాకింగ్ బ్యాచ్ లో, మా పాత కంపెనీ వాళ్ళ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: రిటైర్ అయినవాళ్ళు బార్లకి, బ్రూవరీలకి (బీరు అక్కడే తయారు చేసి పోసే చోట్లకి) పోవడం సిగ్గుచేటు, అవి సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం పెట్టినవి, అక్కడి బీరంతా గ్లిజరిన్, కెమికల్సే, ఈ వయసులో ఒక్క గ్లాసు తాగినా లివర్ పోతుంది, పెన్షన్ డబ్బులు తగలేయొద్దు, మరీ తప్పదనుకుంటే వైన్ షాప్ నుంచి తెచ్చుకుని ఇంట్లోనే గుట్టుగా తాగండి, పరువైనా దక్కుతుంది.

పంపినవాళ్ళలో నాకు బాగా కావాల్సినవాళ్ళే ఉన్నారు, మంచికే పంపారని తెలుసు. కానీ ఆ "ఇంట్లోనే గుట్టుగా" అన్న మాట చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. దాని దగ్గరికి వస్తా, ముందు మిగతావి ఒక్కొక్కటీ చూద్దాం.

గ్లిజరిన్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే నేను పని చేసింది పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో, ఫెర్మెంటేషన్ సెక్షన్ లో, అంటే పులియబెట్టే చోట, ట్యాంకుల మధ్యే సర్వీస్ అంతా గడిచింది. బీరులో ప్రధానంగా ఉండేవి నీళ్ళు, మాల్ట్, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే ఒక రకం పూలు), ఈస్ట్. మాల్ట్ అంటే బార్లీని మొలకెత్తించి ఎండబెట్టినది, దాన్ని బరకగా మర పట్టి 65 డిగ్రీల వేడి నీళ్ళలో ఓ గంట ఉంచితే అందులో పిండి చక్కెరగా మారుతుంది, ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి హాప్స్ వేసి మరిగించి చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ తయారు చేస్తుంది, దాంతోపాటు కొంచెం గ్లిజరాల్ కూడా వస్తుంది, మనం గ్లిజరిన్ అనేది దాన్నే. లీటర్ కి ఒకటి రెండు గ్రాములు, అంతే. వైన్ లో ఇంతకంటే ఎక్కువుంటుంది. నిల్వ ఉండటానికి గ్లిజరిన్ కలుపుతారన్నది కూడా తప్పే, సీసా బీరు నిల్వ ఉండటానికి దాన్ని 60 డిగ్రీల దాకా వేడి చేస్తారు, పాశ్చరైజ్ చేయడం అంటే అదే. బ్రూవరీలో సాధారణంగా అది కూడా చెయ్యరు, చల్లటి ట్యాంక్ లోంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది.

ఇంకా సీసాని నీళ్ళ గ్లాసులో బోర్లించి "చూడండి గ్లిజరిన్ ఎలా దిగుతోందో" అని వీడియోలు కూడా తిరుగుతున్నాయి. ఆ దిగేది బీరే అండీ. నీళ్ళ కంటే బీరు కాస్త బరువు, అందుకే తీగలాగా కిందికి జారుతుంది.

మొదటిసారి వీట్ బీరు, అంటే గోధుమలు కూడా వేసి చేసేది, తాగినప్పుడు అరటిపండు వాసన వస్తే నేను కూడా బ్రూవర్ కుర్రాణ్ణి పిలిచి ఎసెన్స్ ఏమైనా వేస్తున్నారా అని అడిగా. ఆ వాసన ఈస్ట్ దే, ఐసోఅమైల్ అసిటేట్ అని, అరటిపండులో ఉండేదీ అదే, వెనకాల వచ్చే లవంగం ఘాటు కూడా ఈస్ట్ దే అని ఓపిగ్గా చెప్పి, ఖాళీగా ఉన్న టైమ్ కాబట్టి అద్దాల వెనక ట్యాంకులు కూడా చూపించాడు. వెల్డింగ్ ఎంత నున్నగా ఉందో, వాల్వ్ ల దగ్గర మురికి ఉందో లేదో చూశా, పాత అలవాటు పోదు కదా. శుభ్రంగా ఉంది. బెల్జియన్ విట్ అని ఇంకోటి ఉంటుంది, దాంట్లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, మా ఆవిడ ఒక్క గుక్క తాగి ఎవరూ చెప్పకుండానే ధనియాలని పట్టేసింది.

కెమికల్స్ అని భయపడాల్సింది ఎక్కడంటే, 2025 జూలైలో మా కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో, కొందరు ప్రాణాలే ఎలా పోగొట్టుకున్నారో మనం చూశాం. తాగేది ఎక్కడ ఎలా తయారైందో తెలుసుకోవడం ముఖ్యం అని చెప్తే నేనే పదిమందికి పంపుతా. బ్రూవరీలో కనీసం ట్యాంక్ కళ్ళ ముందే ఉంటుంది.

ఇక లివర్. ఇక్కడ నేను తేలిగ్గా మాట్లాడను. మందు ఏ కొంచెమైనా పూర్తిగా సేఫ్ కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది, కాబట్టి రోజుకో బీరు గుండెకి మంచిది లాంటి మాటలు కూడా నమ్మకండి. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది, అందుకే నలభైలో తాగినంతే ఇప్పుడు తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువవుతుంది. షుగర్ కి గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళకి ఖాళీ కడుపున తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, నిద్రమాత్ర వేసుకునేవాళ్ళయితే అసలు ముట్టుకోకూడదు, యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్ళకి బీరు పనికిరాదు. డాక్టర్ వద్దంటే వద్దు, అక్కడితో మాట అయిపోయింది. కానీ "ఒక్క గ్లాసుకే లివర్ పోతుంది" అన్నది అబద్ధం, సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడవడం, ఏళ్ళ తరబడి ఎక్కువ తాగితే వచ్చేది. అబద్ధం చెప్పి భయపెడితే ఏమవుతుందంటే, గ్లాసు తాగి ఏమీ కానివాడు మిగతా జాగ్రత్తలు కూడా అబద్ధాలే అనుకుంటాడు.

లెక్క తెలుసుకోవడం మేలు. 5 శాతం ఉన్న బీరు అరలీటర్ లో 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. విస్కీ 60 మిల్లీ, అంటే ఒక లార్జ్, అందులోనూ దాదాపు అంతే. అదే 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, 650 మిల్లీ, దాంట్లో 40 గ్రాములు దాటుతుంది, అంటే రెండు లార్జ్ లు. "నేను బీరే కదా తాగేది" అనే మన వాళ్ళు చాలామందికి ఇది తెలీదు. బ్రూవరీలో శాంప్లర్ ట్రే అని చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఇస్తారు, మేం ఇద్దరు ముగ్గురం కలిసి ఒకటి తీసుకుంటాం, రుచి చూసినట్టూ ఉంటుంది, మోతాదూ దాటదు.

కుర్రాళ్ళ చోటు అన్నదానికి పెద్దగా చెప్పక్కర్లేదు. తెలంగాణలో తాగడానికి 21 నిండాలని చట్టం ఉంది, 60 దాటితే రావద్దని ఎక్కడా లేదు. శుక్ర, శనివారం రాత్రుళ్ళు ఆ డీజే మోతలో మనం కూర్చోలేం, నిజమే, అందుకే వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్తాం, సౌండ్ తగ్గించమంటే తగ్గిస్తారు.

డబ్బు సంగతి కూడా అంతే, జూబ్లీహిల్స్ లో గ్లాసు నాలుగైదు వందలుంటుంది, ఎప్పుడో ఒకసారికి అది భారం కాదు, రోజూ అయితే ఏదైనా భారమే. బిల్లులో సర్వీస్ చార్జ్ వేస్తే తీసేయమని అడగండి, అది తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల అథారిటీ చెప్పింది.

ఇప్పుడు అసలు మాట. ఇంట్లో గుట్టుగా తాగమన్నారే, దానంత ప్రమాదం ఇంకోటి లేదు. మా సెక్షన్ లోనే పని చేసిన ఒకాయన, మంచి మనిషి, భార్య పోయాక నిజాంపేట ఫ్లాట్ లో ఒక్కడే ఉండేవాడు, అబ్బాయి డల్లాస్ లో. పరువు మనిషి కాబట్టి బార్ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ఇంట్లోనే, బీరువాలో బాటిల్. ఇంట్లో మెజర్ ఎవరు పెడతారు, చేతివాటంగా పోసుకోవడమే, సాయంత్రం ఏడుకి మొదలయ్యేది కాస్తా నాలుగుకి వచ్చింది, తర్వాత మధ్యాహ్నం భోజనానికి ముందే. మాకెవరికీ తెలీదు. బాత్రూమ్ లో పడి తుంటి విరిగి, పొద్దున పనమ్మాయి వచ్చేదాకా అలాగే ఉన్నాడు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని "మాట్లాడ్డానికి మనిషి లేక తాగానురా" అన్నాడు. గుట్టు అంటే ఇదీ.

మా ఇంటి దగ్గర బార్ అండ్ రెస్టారెంట్ ఉంది, ఆర్భాటం ఏమీ ఉండదు, రెక్సిన్ కుర్చీలు, ఉడకబెట్టిన పల్లీలు, కీరా ముక్కలు. పది పదిహేను రోజులకోసారి నలుగురం కూర్చుంటాం. అక్కడ పెగ్గు కొలిచి పోస్తారు. రెండో లార్జ్ చెప్పబోతే పక్కనున్నవాడు "బావా, పొద్దున షుగర్ టెస్ట్ ఉందన్నావ్" అంటాడు. మాలో ఒకాయనకి స్టెంట్ పడింది, డాక్టర్ వద్దన్నాడు, ఆయన ఫ్రెష్ లైమ్ సోడాతో కూర్చుంటాడు, అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆయనే. మధ్యలో నేను కొన్ని వారాలు వెళ్ళకపోతే ఒడిశా నుంచి వచ్చిన వెయిటర్ కుర్రాడు మావాళ్ళని అడిగాడట, ఆ సార్ ఏరీ, ఒంట్లో బాగుందా అని. మన ఫ్లాట్ ఎదురు తలుపు వాళ్ళు అడుగుతారా చెప్పండి? తాగుడు కోసం కాదు నేనిది చెప్తోంది, మనిషి కనిపించకపోతే అడిగే చోటు ఒకటుండాలి మన వయసుకి. గుడి కావచ్చు, పార్క్ కావచ్చు, కొందరికి అది బార్ లో ఓ మూల టేబుల్. అసలు తాగనివాళ్ళని ఎవర్నీ మొదలుపెట్టమనడం లేదు, తాగే అలవాటు ఉన్నవాణ్ణి ఒంటరిగా తలుపేసుకుని తాగమనకండి అంటున్నా.

ఆ మెసేజ్ లో ఉండాల్సింది ఒకటుంది, అదే లేదు. బండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు, వయసు చూసి ఎవరూ వదలరు, చూపు మందగించిన మనం ఆ టైమ్ లో ఎవరినైనా గుద్దితే ఆ పాపం వేరే. మేం మెట్రోలో మియాపూర్ లైన్ లో ఎక్కి అమీర్‌పేట్ లో మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ లో దిగుతాం, అక్కణ్ణుంచి ఆటో. దగ్గరి బార్ కైతే నడకే. ఆ ఫార్వర్డ్ మళ్ళీ ఎవరికైనా పంపేటట్టయితే గ్లిజరిన్ లైన్, ఇంట్లో తాగండి అన్న లైన్ తీసేసి, కారు తాళాలు ఇంట్లోనే పెట్టి రండి అని రాసి పంపండి.