"షోరూం వాళ్ళు చెప్పని రహస్యాలు" ఫార్వర్డ్‌లో పనికొచ్చేది ఎంత, ప్రాణం తీసేది ఎంత

కొత్త కారుకి నిమ్మకాయలు తొక్కించి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం ఆలస్యం, ఎవరో ఒక బాబాయో మేనమామో "కొత్త కారు కొన్నారా? షోరూం వాళ్ళు మీకు చెప్పని రహస్యాలు" అని ఒక పొడుగాటి ఫార్వర్డ్ దింపుతారు. ఒక్కో గ్రూపులో ఒక్కో సైజులో తిరుగుతుంది గానీ సరుకు ఒకటే. ఎక్కగానే ఏసీ వేస్తే బెంజీన్ వల్ల క్యాన్సర్ వస్తుందంట, ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలంట, ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలుద్దంట, ఎయిర్‌బ్యాగులు ఉంటే ఊళ్ళో బెల్టు అక్కర్లేదంట, బ్రేకు పెడల్ కొట్టుకుంటే కాలు తీసి తీసి నొక్కాలంట, దిగుడులో న్యూట్రల్ చేస్తే మైలేజీ అంట, అడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్) ఉంటే హైవే మీద కారే చూసుకుంటుందంట, తిన్నగా వెళ్ళేటప్పుడూ వానలోనూ నాలుగు ఇండికేటర్లు వెయ్యాలంట, చివరికి హెడ్‌రెస్ట్ పెట్టిందే అద్దం పగలగొట్టడానికంట.

వీటిలో రెండు మూడు నవ్వుకుని వదిలెయ్యొచ్చు. మిగతావి అలా కాదు, కొన్నేమో అంబాసిడర్ రోజుల అలవాట్లు, కొన్నేమో రీల్స్ చూసి పుట్టినవి, పెద్దాయన చెప్పాడు కదా అని పాటిస్తే ఆస్పత్రి దాకా తీసుకెళ్ళేవి. అందుకే ఒక్కోటీ చూద్దాం.

బెంజీన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ మెసేజ్‌లో "చదరపు అడుగుకి ఇన్ని మిల్లీగ్రాముల బెంజీన్" అని లెక్క ఉంటుంది చూడండి, అక్కడే దొరికిపోతుంది. గాలిలో ఏదైనా ఎంతుందో ఘనపరిమాణంలో కొలుస్తారు గానీ నేల కొలిచినట్టు చదరపు అడుగుల్లో కొలవరు. జర్మనీలో మ్యూనిక్ పరిశోధకులు 2007లో ఎండలో ఆపినట్టు వేడి చేసిన కార్లలోంచి, కొత్తదీ పాతదీ రెండూ, గాలి తీసి పరీక్షిస్తే చెప్పుకోదగ్గ విషప్రభావం ఏమీ కనపడలేదు. అయితే ఎక్కగానే అద్దాలు దించమన్న సలహా మాత్రం మంచిదే, కారణమే తప్పు. ఎండలో పెట్టిన కారు లోపల బయటికంటే చాలా వేడి ఉంటుంది, ఒక నిమిషం అద్దాలు దించి ఆ వేడి గాలి పోనిచ్చి, ఏసీ వేసి, చల్లబడ్డాక లోపలి గాలే తిరిగే బటన్ నొక్కితే త్వరగా చల్లబడుతుంది. ఆ బటన్ గంటలకొద్దీ అలాగే వదిలేస్తే మాత్రం ఐదుగురు కూర్చున్న కార్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కి మత్తుగా ఉంటుంది, మధ్యమధ్యలో బయటి గాలికి మార్చండి. అసలు భయపడాల్సింది వేరే ఉంది, షట్టర్ వేసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీలో పడుకోవడం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, లేపదు. పిల్లల్ని "రెండు నిమిషాల్లో వస్తా" అని లాక్ చేసి పోవడం కూడా అంతే. ఈ రెండూ ఆ ఫార్వర్డ్‌లో ఎక్కడా ఉండవు.

ఇక టైర్లు. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించే పాయింట్. "రామగుండం, రెంటచింతల ఎండలకి గాలి వ్యాకోచించి టైరు పేలుద్ది, అందుకే నాలుగైదు పాయింట్లు తగ్గించి కొట్టించండి" అంటారు, వినడానికి సైన్స్ లాగే ఉంటుంది, పంచర్ షాపుల్లో కూడా చాలామంది ఇదే చెప్తారు. గాలి వ్యాకోచిస్తుంది, నిజమే. ఎంత? 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ (పంచర్ షాపు భాషలో పాయింట్లు) కొట్టించిన టైరు లోపలి గాలి 60 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు 38 అవుతుంది. కంపెనీ వాడు ఈ పెరుగుదల లెక్కేసుకునే చల్లటి టైరుకి ఎంతుండాలో చెప్తాడు, కావాలంటే టైరు పక్క గోడ మీద చూడండి, చాలా కారు టైర్ల మీద గరిష్ఠం 44 అనో 51 అనో అచ్చేసి ఉంటుంది. టైరు పేలేది గాలి పెరిగినందుకు కాదు, ఎక్కువసార్లు గాలి తక్కువైనందుకు. గాలి తక్కువుంటే పక్క గోడలు తిరిగిన ప్రతిసారీ నొక్కుకుని లేస్తుంటాయి, ఇనప తీగని అటూ ఇటూ వంచితే వంచిన చోట కాలినట్టు, ఆ రబ్బరు లోపల్నుంచి వేడెక్కి పొరలు ఊడొస్తాయి, దానికి తోడు ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, హైవే మీద 110 స్పీడు. అంటే ఎండాకాలం గాలి తగ్గించడమంటే పేలడానికి మనమే ఏర్పాటు చెయ్యడం.

ఎంత కొట్టించాలో డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల. మామూలుగా వెళ్ళేటప్పుడు ఒక అంకె, ఫుల్ లోడుకి ఇంకో అంకె ఉంటాయి. పొద్దున్నే బండి తియ్యకముందు చూపించుకోవాలి, దూరం నడిపి వేడెక్కిన టైరులో 37 కనపడిందని గాలి తీయించకూడదు. డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తులో ఆశ్చర్యార్థకం లాంటి పసుపు లైటు వెలిగిందా, "కొత్త కారు కదా సెన్సర్ గోల" అనుకోకండి, ఆగి చూడండి. స్టెప్నీలో కూడా గాలి చూపించండి, దాన్ని అందరూ మర్చిపోతారు, పైగా ఈమధ్య చాలా కార్లలో స్టెప్నీ సన్నది ఇస్తున్నారు, దాని మీద రాసిన స్పీడు దాటకూడదు.

ఫుల్ ట్యాంక్ పేలుడు కథకి రెండు ముక్కలు చాలు. ట్యాంకులో ఆవిరికి చోటు వదిలే డిజైన్ చేస్తారు, ఇండియన్ ఆయిల్ వాళ్ళు కూడా ఎండాకాలమైనా చలికాలమైనా కంపెనీ చెప్పిన లిమిట్ దాకా కొట్టించుకోవచ్చని బహిరంగంగానే చెప్పారు. కాకపోతే బంకులో గన్ దానంతటదే టక్‌మని ఆగిపోయాక "రౌండ్ ఫిగర్ చేసెయ్ తమ్ముడూ" అని మెడ దాకా పోయించొద్దు, పొంగిన పెట్రోల్ ఆవిరి పట్టుకునే బొగ్గు డబ్బాలోకి పోయి అది పాడవుద్ది.

బెల్టు దగ్గరికొద్దాం. "ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి, ఊళ్ళో బెల్టెందుకు, బీప్ గోల అయితే బెల్టు క్లిప్ కొనుక్కోండి." ఎయిర్‌బ్యాగ్ మెత్తటి దిండు అనే భ్రమ నుంచి వస్తుంది ఇదంతా. అది గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికొచ్చి, కన్ను మూసి తెరిచేలోపే నిండి, వెంటనే గాలి వదిలేస్తుంది. బెల్టు పెట్టుకున్న మనిషి ఆ క్షణానికి సీట్లో ఉంటాడని నమ్మి చేసిన లెక్క అది. బెల్టు లేకపోతే గుద్దుకునే ముందు వేసిన సడన్ బ్రేకుకే మనిషి ముందుకి జారి మొహం స్టీరింగ్ దగ్గరికి తెచ్చేస్తాడు, అప్పుడు ఆ బ్యాగ్ మొహం మీదే పేలుతుంది. అందుకే బెల్టుతో పాటు ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా సీటు వెనక్కి జరుపుకోమంటారు, పొట్టిగా ఉన్నవాళ్ళు సీటు ఎత్తు పెంచుకుని, వాలు సరిచేసుకుని కూర్చోవాలి గానీ స్టీరింగ్‌కి అతుక్కుని కాదు. బీప్ ఆపడానికి బెల్టు బదులు గుచ్చే ఆ క్లిప్ పెట్టారనుకోండి, కారు కంప్యూటర్ బెల్టు ఉందనే అనుకుంటుంది, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరవాలనేది కూడా ఆ సమాచారాన్ని బట్టే తేలుతుంది. ఈ క్లిప్పులు అమ్ముతున్న ఐదు ఆన్‌లైన్ సైట్లకి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మేలో తీసెయ్యమని ఆదేశాలిచ్చింది, అయినా రోడ్డు పక్క యాక్సెసరీ షాపుల్లో అడిగితే దొరుకుతూనే ఉన్నాయి.

వెనక కూర్చున్నవాళ్ళకి అక్కర్లేదు అనేవాళ్ళకి ఒకటే గుర్తుచేస్తా, 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది ఖరీదైన కార్లో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. బెల్టు లేని వెనక మనిషి ముందు సీటుని వెనక నుంచి గుద్ది ముందున్నవాళ్ళని కూడా చంపగలడు.

ఇక్కడే మన అలవాట్లు రెండు చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. వినాయకుడి బొమ్మని ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద, ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న చోటే అతికిస్తారు. అది తెరుచుకుంటే ఆ బొమ్మ రాయిలా వచ్చి పక్క సీట్లో వాళ్ళకే తగులుతుంది. స్వామిని మధ్యలోకి చిన్న సైజులో జరపండి. రెండోది సీటు కవర్లు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉంటే మామూలు తోలు కవర్ వేస్తే ఆ బ్యాగ్ బయటికి రాలేదు, దానికి సరిపడేలా అక్కడ విడిపోయే కుట్టుతో చేసినవి అడిగి వేయించుకోవాలి. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చోవడం అయితే అస్సలు వద్దు.

పెడల్ కొట్టుకుంటే కాలు తీసి తీసి నొక్కమన్న సలహా ఏబీఎస్ (సడన్ బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని రోజుల్లో సరైనదే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిట్లో ఏబీఎస్ తప్పనిసరి, సడన్ బ్రేకులో కాలి కింద గరగరమని కొట్టుకుంటుందంటే అది పాడవలేదు, మీరు తీసి నొక్కే పనిని సెకనుకి చాలాసార్లు అదే చేస్తోంది. గట్టిగా నొక్కి పట్టుకోవాలి, వదలకూడదు, ఆ టైంలో స్టీరింగ్ పనిచేస్తుంది కాబట్టి అడ్డమొచ్చిన దాన్ని తప్పించాలి. ఇసకలో, కంకరలో మాత్రం ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరగొచ్చు.

న్యూట్రల్ మైలేజీ దగ్గర బాబాయిలతో వాదించి గెలవడం కష్టం, ఎందుకంటే కార్బురేటర్ బండ్లలో వాళ్ళు చెప్పింది కొంత నిజమే. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ మీద కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ పొయ్యడమే ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే మళ్ళీ ఇంధనం కావాలి. అంటే దిగుడులో న్యూట్రల్ వల్ల మిగిలేది ఏమీ లేదు, పోయేది ఇంజన్ బ్రేకింగ్, అంటే గేరులో ఉన్న ఇంజనే బండిని పట్టి ఉంచడం. శ్రీశైలం ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు, అరకు నుంచి అనంతగిరి మీదుగా కిందకి, ఇలాంటి చోట్ల బండి బరువంతా ఒక్క బ్రేకుల మీదే పడి అవి కాగిపోతాయి, పెడల్ నొక్కినా పట్టదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ దాదాపు ఆ గేరే. ఆటోమేటిక్ అయితే డీలో వదిలెయ్యకుండా ఎల్, ఎస్ లేదా మాన్యువల్ మోడ్ ఉంటే అందులో పెట్టండి, ఎలక్ట్రిక్ అయితే రీజెన్ (కాలు తీస్తే మోటారే బండిని నెమ్మది చేసేది) పెంచుకోండి. కాలిన వాసన వచ్చిందంటే సందు చూసి పక్కన ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఇంకా తెలివైన వెర్షన్‌లో "ఇంజన్ కూడా ఆపేయండి" అని ఉంటుంది. ఇంజన్ ఆగితే బ్రేకుకి దన్ను రెండు మూడు నొక్కుళ్ళకే అయిపోతుంది, స్టీరింగ్ బండబారుతుంది, తాళం తిప్పి తీసే కార్లయితే స్టీరింగ్ లాకే పడొచ్చు. ఘాట్ రోడ్డు మలుపులో.

అడాస్ గురించి ఫార్వర్డ్ కంటే రీల్స్ ఎక్కువ పాడుచేశాయి, డ్రైవింగ్ సీట్లో ఎవరూ లేకుండా కూర్చుని వీడియో తీసుకునేవాళ్ళు, స్టీరింగ్‌కి వాటర్ బాటిల్ కట్టి కారుని మోసం చేసేవాళ్ళు. 2020, 21 నుంచి గ్లోస్టర్, ఎక్స్‌యూవీ700 లాంటి వాటితో మన దగ్గరికొచ్చిన ఈ అడాస్, ఇప్పుడు లెవెల్ 2 అని రాసున్నా సరే, సాయం చేసేది మాత్రమే, నడిపే బాధ్యత పూర్తిగా మనిషిదే. అద్దం వెనక కెమెరా లైన్లు చూస్తుంది, ముందు రాడార్ దూరం చూస్తుంది. మన రోడ్ల మీద లైన్ చెరిగిపోయిన చోట, వానలో, బురద పట్టినప్పుడు అది చూడలేదు. హైవే స్పీడులో ఆగి ఉన్న బండిని పట్టుకోలేకపోవచ్చని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. ఇప్పుడు రాత్రిపూట వెనక లైట్లు లేకుండా హైవే అంచున ఆపిన లారీ, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బైకు, అడ్డం పడే గేదెలు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ పెట్టిన బండరాళ్ళు, వీటన్నిటినీ ఆ కెమెరాకి వదిలేసి కాళ్ళు చాపుకుంటారా? ఆటోమేటిక్ బ్రేకు ఫీచర్ని మాత్రం ఆఫ్ చెయ్యొద్దనే అంటాను, ఊళ్ళో బైకులు దూరినప్పుడు ఊరికే బ్రేకేస్తోందనిపిస్తే సెన్సిటివిటీ తగ్గించుకోండి. ముందు ఇనప గార్డు బిగించడం 2017 డిసెంబర్ నుంచే కేంద్రం వద్దంది, అడాస్ కారుకైతే అది రాడార్‌కి గంతలు కట్టడమే. ముందద్దం మార్పిస్తే కెమెరా మళ్ళీ సెట్ చేయించాలి, కెమెరా ముందు "అమ్మ దీవెన" స్టిక్కర్ వెయ్యకూడదు.

నాలుగు ఇండికేటర్లు తిన్నగా వెళ్ళడానికి కాదు. పక్కనుంచి చూసేవాడికి ఒక పక్కే కనపడి మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. వానలో వేసి నడిపితే నిజంగా లేన్ మారేటప్పుడు ఇండికేటర్ వేసినా ఎవరికీ అర్థం కాదు. బండి ఆగిపోయి అడ్డంగా ఉంటేనే అవి. వానకి హెడ్‌లైటు లో బీమ్‌లో వేసుకుంటే చాలు, లోపల అద్దం ఆవిరి పడితే ముందద్దం గుర్తున్న బటన్, ఏసీ, బయటి గాలి.

ఇక హెడ్‌రెస్ట్. అది ఉన్నది వెనక నుంచి గుద్దినప్పుడు మెడ వెనక్కి విరక్కుండా, దాని పై అంచు మీ తల పై భాగం దాకా వచ్చేలా ఎత్తు పెట్టుకోవాలి, చాలామంది కిందకి నొక్కేసి వదిలేస్తారు. కొన్ని కార్లలో అది సీటుకి అతికే ఉంటుంది, ఊడనే ఊడదు. ఊడే వాటిలో కూడా మునుగుతున్న కార్లో కంగారులో బటన్ నొక్కి పీకి కడ్డీ అద్దం సందులో పెట్టడం జరిగే పని కాదు. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే అసలు దిగొద్దు, అడుగు లోతు నీళ్ళకే చిన్న కారు తేలిపోతుంది. ఖర్మకాలి ఇరుక్కుంటే ఫోన్ తియ్యకుండా ముందు బెల్టు తీసి వెంటనే పక్క అద్దం దించండి, పవర్ విండోలు నీళ్ళు తగిలిన వెంటనే ఆగిపోవు, ఆ కాస్త టైంలోనే బయటపడాలి, డోరు కోసం కొట్టుకుంటే నీటి ఒత్తిడికి రాదు. ముందద్దం పొరల గాజు, పగిలినా ఊడదు, కాబట్టి పక్కద్దం మూలలో కొట్టాలి. దానికి బెల్టు కోసే బ్లేడున్న చిన్న సుత్తి ఆన్‌లైన్లో దొరుకుతుంది, డ్రైవర్ చెయ్యి అందే చోట పెట్టుకోండి, జాకీతో పాటు డిక్కీలో పడేస్తే దండగ.