కందిచేను గూడు పురుగు గారికి

గౌరవనీయులైన మరూకా మచ్చల పురుగు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమంగా లేము. మీరు క్షేమమని కందిచేను చూడగానే తెలిసిపోయింది.

ముసురు వదిలి నిన్ననే కాస్త తెరిపిచ్చింది. గట్టు మీంచి చూస్తే చేనంతా పచ్చగా పూతే. దగ్గరికెళ్లి ఒక్క గుత్తి పట్టుకుంటే మొగ్గ, పువ్వు, పిందె, లేతాకు అన్నీ కలిపి దారంతో కుట్టేసి ఉన్నాయి. వేలితో విప్పితే లోపల తడి పెంట, మాగిపోయిన రేకులు, వాటి మధ్య ఒళ్లంతా నల్ల చుక్కల జతలతో తమరు. వెలుతురు తగలగానే గబగబా వెనక్కి పాకారు. ఊళ్లో అందరూ "మబ్బుకు పూత రాలింది" అంటుంటే ఆ పేరు మబ్బుకే వదిలేసిన మీ వినయానికి జోహార్లు.

తాండూరు కందికి 2022లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని రుచి మీరు అంతకు ఎంతో ముందే గుర్తించారు లెండి. నైజీరియాలో అలసంద మీద మీవాళ్ల ప్రతాపానికి 2019లో ఏకంగా మిమ్మల్ని తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ రకానికే అనుమతి ఇచ్చుకున్నారు.

మీ చుట్టం శనగపచ్చ పురుగును తిట్టని రోజు లేదు. అయినా ఆ మహాతల్లి తల కాయలో పెట్టి ఒళ్లు బయట వదిలేస్తుంది. మందు తగులుతుంది, పిట్టకు కనబడుతుంది, చెట్టు దులిపితే పట్టా మీద రాలుతుంది. మీకా మర్యాద లేదు.

అసలు మంట అక్కడే. మొగ్గ దశలో ఎకరానికి 10 కిలోల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, 200 లీటర్ల ద్రావణం చేసి కొడితే మీ తల్లులు గుడ్లు పెట్టడానికి జంకుతారు. పిల్ల పురుగు కనబడితే క్లోరాంట్రానిలిప్రోల్ ఎకరానికి 60 మి.లీ., లేదంటే ఇమామెక్టిన్ బెంజోయేట్ 80 గ్రాములు. గూడు కట్టకముందైతేనే సుమా! కట్టాక అదే మందు, అదే మోతాదు, పైపైన తడిసి ఆరిపోతుంది. పైగా కంది మనిషెత్తు దాటుతుంది, గుత్తులన్నీ కొనల్లో. కూలి కలిసొస్తుందని 200 లీటర్ల నీళ్లను 100కి దించితే గుత్తి లోపల చుక్క పడదు. "పని చేయలేదా? ఇదీ కలిపి కొట్టు" అంటాడు దుకాణంవాడు. ఒకే ట్యాంకులో మూడు మందులు! చచ్చేది మిమ్మల్ని తినే సాలీళ్లు, మీ మీద బతికే చిన్న కందిరీగలు. గూట్లో మీరు చల్లగా ఉంటారు.

ఏమే, ఒక్క పువ్వు తిని ఊరుకోలేవా? తినేది నాలుగు పూలు, తగలేసేది గుత్తి మొత్తమా? దగ్గర దగ్గరగా గుత్తులు పూసే రకమైతే నీకు మరీ సుఖం, కుట్టుపని తగ్గుతుంది. మబ్బు పట్టడం ఆలస్యం, పండగే నీకు. వచ్చేసారి పూత కోసం ఆగేది లేదు. మొగ్గ కనబడిన రోజే పంపు భుజాన పడుతుంది, చూస్కో.

ఇట్లు,
కందిపప్పు మీద ఆశ చావనివాళ్లు

తా.క.: చేలో వేలాడే లింగాకర్షక బుట్టలకు కంగారు పడకండి. అందులోని ఎర శనగపచ్చ పురుగు మగవాళ్ల కోసం. మీవాళ్లు దానివంక కన్నెత్తి చూడరు. బుట్ట ఖాళీగా ఉందని చేలో పురుగే లేదనుకునేవాళ్లకు వేరే ఉత్తరం రాస్తున్నాం.